75 ఏళ్ల జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల వార్షికోత్సవం: ఇంటింటికీ బడి కబురు చేరేలా ఎలా జరుపుకోవాలి?

ప్రశ్న
పాఠశాల కమిటీ సభ్యురాలు, చంద్రగిరి ప్రాంతం

అందరికీ నమస్కారం. చంద్రగిరి వైపు ఒక పల్లెలో ఉన్న జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో మా అమ్మాయి ఏడవ తరగతి, అబ్బాయి పదవ తరగతి చదువుతున్నారు. నేను ఆ పాఠశాల యాజమాన్య కమిటీలో సభ్యురాలిని. ఈ ఫిబ్రవరితో మా బడికి 75 సంవత్సరాలు నిండుతున్నాయి. ప్రధానోపాధ్యాయులు కమిటీని పిలిపించి, ఈసారి వార్షికోత్సవాన్ని ఊరంతా గుర్తుపెట్టుకొనేలా జరుపుకొందామని, ఏ విధంగా జరిపితే బాగుంటుందో తల్లిదండ్రులే ముందుగా ఆలోచించి చెప్పాలని కోరారు. అలా అడిగే ప్రధానోపాధ్యాయులు ఉండడం మా అదృష్టం. ఆ అవకాశాన్ని జారవిడుచుకోకూడదనే ఉద్దేశంతో ఈ ప్రశ్న రాస్తున్నాను.

మొదటి సమావేశంలో మాటలన్నీ వేదిక, షామియానా, మైకు సెట్టు, ముఖ్య అతిథులు, శాలువాలు, జ్ఞాపికల చుట్టూ తిరిగాయి. ఇన్నేళ్ల పండుగకు కొంత హంగు ఉండాలనే వారితో నాకు తగవు లేదు. అయితే మా పిల్లల తల్లిదండ్రులలో ఎక్కువమంది కూలికి వెళ్లేవారు, పాడి మీద బతికేవారు, తెల్లవారగానే తిరుపతికి బస్సెక్కి హోటళ్లలోనూ దుకాణాలలోనూ పనిచేసేవారు. కూలి మానుకొని వాళ్లు బడి గేటు లోపలికి వచ్చే రోజులు ఏడాదికి రెండు మూడుకు మించవు. 2024 డిసెంబరు 7న, ఆ తరువాత 2025 జూలై 10న రాష్ట్రమంతటా తల్లిదండ్రుల, ఉపాధ్యాయుల మెగా సమావేశాలు జరిగినప్పుడు తమ బిడ్డ గురించి ఉపాధ్యాయులతో ఎదురెదురుగా కూర్చుని మాట్లాడగలిగామని ఎందరో తల్లులు సంతోషంగా చెప్పుకొన్నారు. వార్షికోత్సవం నాడు మాత్రం వెనుక వరుస కుర్చీలలో కూర్చుని, ప్రసంగాలు విని, తమ బిడ్డ వేసిన నాట్యం చూసి వెళ్లిపోతారు. బడిలో ఈ ఏడాది ఏమి జరిగింది, వచ్చే ఏడాది తమ బిడ్డకు ఏమి రాబోతున్నది అన్నది ఎవరూ వారికి విడమరచి చెప్పరు.

దీని వల్ల జరిగే నష్టం చిన్నది కాదు. మా వీధిలోని ఒక తల్లికి, తన కూతురు తొమ్మిదవ తరగతికి వచ్చిన తరువాత గాని, ఎనిమిదవ తరగతి పిల్లలకు కేంద్ర ప్రభుత్వ ఉపకార వేతన పరీక్ష ఒకటి ఉందని తెలియలేదు. ఆ ప్రకటన నోటీసు బోర్డు మీద అంటించారు, వాట్సాప్ గ్రూపులో కూడా పెట్టారు. ఆమె చేతిలో ఉన్నది బటన్ల ఫోను, చదువు రెండవ తరగతితో ఆగిపోయింది. ఆ పిల్ల క్లాసులో ముందు వరుసలో ఉండే పిల్ల కావడం వల్ల నాకు మరింత బాధ కలిగింది.

కాబట్టి నేను అడగదలచినది ఇది. వార్షికోత్సవాన్ని కుటుంబాలకు కబురు చేర్చే రోజుగా మలచిన బడులు మన తిరుపతి, చిత్తూరు జిల్లాలలో ఉంటే, వారు ఏ వేళ పెట్టుకొన్నారు, వార్షిక నివేదికలో ఏమి చెప్పారు, స్మార్ట్ ఫోను లేని ఇళ్లకు కబురు ఎలా పంపారు, పూర్వ విద్యార్థులను ఏ పనికి పిలిచారు అన్నవి దయచేసి వివరంగా రాయండి. ఖర్చు విషయం కూడా చెప్పండి. పిల్లల దగ్గర చందా వసూలు చేయాలన్న మాట ఒకటి సమావేశంలో వచ్చింది, అది నాకు నచ్చలేదు.


సమాధానం
విశ్రాంత ప్రధానోపాధ్యాయుడు, పలమనేరు

అమ్మా, మీ ప్రశ్న చదివి చాలా సంతోషించాను. ఉద్యోగ జీవితమంతా జిల్లా పరిషత్ పాఠశాలలలోనే గడిపినవాడిని కనుక నాకు తెలిసినది రాస్తున్నాను.

ముందు చందా సంగతి తేల్చుకుందాం. 2009 నాటి విద్యాహక్కు చట్టం ప్రకారం ప్రాథమిక విద్య పూర్తి చేయడానికి అడ్డుపడే ఏ రుసుమునూ పిల్లల నుండి తీసుకోకూడదు. ఎనిమిదవ తరగతి వరకు ఉన్న పిల్లలకు ఈ రక్షణ ఉంది. వార్షికోత్సవ చందా స్వచ్ఛందమే అని ఎంత చెప్పినా, పేరు పేరునా పిలిచి అడిగినప్పుడు ఇవ్వలేని ఇంటి బిడ్డ ఆ రోజు బడికి రాకుండా ఉండిపోతుంది. కాబట్టి తరగతి గదిలో చందా మాట ఎత్తవద్దని కమిటీ తీర్మానం చేయించండి. ఆ అధికారం మీకుంది. అదే చట్టంలోని 21వ సెక్షన్ ప్రకారం యాజమాన్య కమిటీలో కనీసం నాలుగింట మూడు వంతుల మంది తల్లిదండ్రులు లేదా సంరక్షకులు ఉండాలి, మొత్తం సభ్యులలో సగం మంది మహిళలు ఉండాలి. 22వ సెక్షన్ పాఠశాల అభివృద్ధి ప్రణాళికను తయారుచేసే బాధ్యతను ఆ కమిటీకే అప్పగించింది. చాలామంది సభ్యులు సంతకం పెట్టడమే తమ పని అనుకొంటున్నారు. వార్షికోత్సవానికి వచ్చిన తల్లిదండ్రులందరి ఎదుట ఆ ప్రణాళికను చదివి వినిపించడానికి మించిన సందర్భం మరొకటి ఉండదు.

వేళ గురించి చెబుతాను, ఎందుకంటే ఎక్కువ బడులు తప్పుతున్నది ఇక్కడే. మా పలమనేరు, పుంగనూరు వైపు ఇళ్లలో ఆవులు ఉంటాయి. సాయంత్రం పాలు పితికి పాల కేంద్రానికి చేర్చే వేళకు తల్లులు ఇంట్లో ఉండి తీరాలి. సాయంత్రం నాలుగింటికి ఉత్సవం మొదలుపెడితే అయిదు కాకముందే సగం కుర్చీలు ఖాళీ అవుతాయి. వారికి బడి మీద శ్రద్ధ లేదని అప్పుడు మనం అనుకోవడం అన్యాయం. ఆదివారం ఉదయం పాలు పోసి వచ్చిన తరువాత, తొమ్మిదిన్నరకు మొదలుపెట్టి, మధ్యాహ్న భోజనంతో ముగిస్తే తల్లులూ తండ్రులూ ఇద్దరూ వస్తారు. మీ దగ్గర తిరుపతికి పనికి వెళ్లేవారు ఎక్కువని రాశారు కనుక, వారికి ఏ రోజు సెలవు దొరుకుతుందో ముందుగా పిల్లల చేత అడిగించి తేదీ నిర్ణయించండి. రాత్రి కార్యక్రమం పెట్టుకొంటే మరొక ఇబ్బంది ఉంది. 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి పది నుండి ఉదయం ఆరు వరకు ఆరుబయట లౌడ్‌స్పీకర్లు వాడకూడదు. చివర్లో పెట్టిన చిన్న తరగతుల పిల్లల అంశాలు సమయం చాలక ఆగిపోవడం నేను ఎన్నోసార్లు చూశాను. వారాల తరబడి సాధన చేసి, వేషం కట్టుకొని, వేదిక పక్కన నిలబడి నిద్రకు తూగుతున్న ఆరవ తరగతి పిల్లలను ఇంటికి పొమ్మని చెప్పవలసి రావడం ఉపాధ్యాయుడికి చాలా కష్టమైన పని.

అతిథుల విషయంలో ఒక కఠినమైన నియమం పెట్టుకోండి. అతిథి వచ్చినా రాకపోయినా చెప్పిన వేళకు ప్రార్థన గీతంతో ఉత్సవం మొదలవ్వాలి. ఒక బడిలో పిల్లలు స్వాగతం పలకడానికి పూలు పట్టుకొని గేటు నుండి వేదిక దాకా రెండు వరుసలలో ఎండలో నిలబడ్డారు. అతిథి ఎంతో ఆలస్యంగా వచ్చారు. ఈలోగా ఒక అమ్మాయి కళ్లు తిరిగి పడిపోయింది. పిల్లలను ఎండలో నిలబెట్టే స్వాగతం ఏ అతిథికీ గౌరవం కాదు. ప్రసంగాలన్నీ కలిపి అరగంటకు మించకూడదని ఆహ్వాన పత్రికలోనే అచ్చు వేయించండి, ఎవరూ నొచ్చుకోరు.

ఇక నివేదిక. ప్రధానోపాధ్యాయుని వార్షిక నివేదిక అంటే పదవ తరగతి ఉత్తీర్ణత శాతం, ఆటల్లో వచ్చిన కప్పులు, దాతలకు కృతజ్ఞతలు అన్న మూడు విషయాలతో ముగిసిపోతుంది. తల్లిదండ్రులకు కావలసినది తరగతుల వారీ కబురు. ఏడవ తరగతి తల్లిదండ్రులు వచ్చే ఏడాది జరగబోయే ఎన్‌ఎంఎంఎస్ పరీక్ష, అంటే మీరు చెప్పిన ఆ కేంద్ర ప్రభుత్వ ఉపకార వేతన పరీక్ష గురించి ఈ ఫిబ్రవరిలోనే వినాలి. ప్రభుత్వ, స్థానిక సంస్థల, ఎయిడెడ్ పాఠశాలలలో ఎనిమిదవ తరగతి చదివే పిల్లలు రాసే పరీక్ష అది. కుటుంబ వార్షికాదాయం 3,50,000 రూపాయలు దాటకూడదు, ఏడవ తరగతిలో 55 శాతం మార్కులు ఉండాలి, ఎస్సీ, ఎస్టీ పిల్లలకు 50 శాతం చాలు. ఎంపికైన వారికి తొమ్మిది నుండి పన్నెండవ తరగతి వరకు ఏటా 12,000 రూపాయలు వారి బ్యాంకు ఖాతాలోనే పడతాయి. ఎంపికతో పని అయిపోదని కూడా చెప్పాలి. జాతీయ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో నమోదు చేయాలి, ప్రతి ఏడూ దాన్ని పునరుద్ధరించుకోవాలి, ఆధార్‌లోని పేరు, బడి రికార్డులోని పేరు, బ్యాంకు ఖాతాలోని పేరు ఒక్కటిగా ఉండాలి. ఇంటి పేరు ఒకచోట ముందు, మరొకచోట వెనుక ఉండడం వల్ల, లేదా ఒక అక్షరం తేడా వల్ల డబ్బు ఆగిపోయిన పిల్లలు ఉన్నారు. ఆదాయ ధ్రువపత్రం, పేర్ల సవరణ వంటివి వేసవి సెలవులలో తాపీగా చేయించుకోగలిగిన పనులు. సెప్టెంబరులో చెబితే అదే పని పరుగు పందెం అవుతుంది.

పదవ తరగతి ఇళ్లకు చెప్పవలసినది ఇంకా ఎక్కువ. మన వైపు పిల్లలకు ఇంటర్మీడియట్ తప్ప వేరే దారి ఉందని చాలామంది తల్లిదండ్రులకు తెలియదు. పాలిటెక్నిక్ ప్రవేశ పరీక్ష ఉంది, ఐటీఐ ఉంది. 2008లో ఏర్పడిన రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయం, అంటే మనం ట్రిపుల్ ఐటీ అని పిలుచుకొనేది, పదవ తరగతి మార్కుల ఆధారంగానే ఆరేళ్ల చదువుకు పిల్లలను చేర్చుకొంటుంది. అందులోనూ ప్రభుత్వ నాన్ రెసిడెన్షియల్ బడులలో చదివిన వారికి అదనపు వెయిటేజీ ఇస్తుంది. దాని ప్రాంగణాలలో ఒకటైన ఇడుపులపాయ మనకు దగ్గరలోనే ఉంది. ఈ మాట మీ బడి వేదిక మీద, అక్కడ చదివిన మీ ఊరి పిల్లవాడి నోటి నుండే వస్తే తండ్రులు చెవిన పెడతారు.


సమాధానం
తెలుగు ఉపాధ్యాయిని, నగరి ప్రాంతం

సార్ రాసిన దానితో పూర్తిగా ఏకీభవిస్తూ, కబురు చేరవేసే పద్ధతి గురించి, సాంస్కృతిక కార్యక్రమాల గురించి నా అనుభవం చెబుతాను.

మా బడి తమిళనాడు సరిహద్దులో ఉంది. పిల్లలు మాతో చక్కగా తెలుగు మాట్లాడతారు, ఇళ్లలో చాలామంది తమిళమే మాట్లాడుకొంటారు. తెలుగులో అచ్చు వేసిన ఆహ్వాన పత్రిక ఆ ఇళ్లలో గోడ మేకుకు వేలాడుతుంది తప్ప దాన్ని చదివేవారు ఉండరు. అందువల్ల మేము పిల్లల చేతనే కబురు పంపడం అలవాటు చేశాం. ముఖ్యమైన విషయం ఏదైనా ఉంటే తెలుగు పీరియడ్‌లో దాన్ని అయిదారు వాక్యాలలో పిల్లల చేత రాయిస్తాను. ఆ రాత్రి ఇంట్లో పెద్దలకు ఇంటి భాషలో చదివి వినిపించి, విన్నవారి చేత సంతకం గాని వేలిముద్ర గాని వేయించుకొని రావాలి. మరుసటి రోజు ఆ నోటు పుస్తకాలు తిరగేస్తే ఏ ఇంటికి కబురు చేరిందో, ఏ ఇంటికి చేరలేదో స్పష్టంగా తెలిసిపోతుంది. చేరని ఇళ్లకు ఫోను చేస్తాం. వాట్సాప్‌లో పెట్టిన సందేశానికి పక్కన నీలం గీతలు పడ్డాయని సంతోషించడం కంటే ఇది నమ్మదగిన పద్ధతి. పిల్లలకు లేఖ రాయడం, బిగ్గరగా చదవడం కూడా వస్తాయి కనుక పాఠం సమయం వృథా అయిందని నేను ఎన్నడూ అనుకోలేదు.

మాదిరి కోసం మా ఏడవ తరగతి వారు రాసిన ఒక కబురు ఇక్కడ ఉంచుతున్నాను: "అమ్మకు, నాన్నకు. వచ్చే ఆదివారం ఉదయం తొమ్మిదిన్నరకు మా బడి పండుగ. మీరిద్దరూ రావాలి. ఆ రోజు మా తరగతి గదిలో మా క్లాసు టీచరు మీతో మాట్లాడతారు. వచ్చే ఏడాది నేను రాయబోయే స్కాలర్‌షిప్ పరీక్ష గురించి చెబుతారు. నా ఆధార్ కార్డు, బ్యాంకు పుస్తకం తీసుకొని రండి, పేర్లు సరిపోయాయో లేదో చూస్తారు. భోజనం బడిలోనే." ఇందులో అలంకారం ఏమీ లేదు, ఒక తల్లి బయలుదేరడానికి కావలసిన సమాచారమంతా ఉంది.

గమనించండి, "మా తరగతి గదిలో" అని రాశారు. వేదిక మీద నుండి మైకులో చెప్పిన ఉపకార వేతనాల వివరాలు ఎవరికీ గుర్తుండవు. ప్రార్థన, జ్యోతి ప్రజ్వలన అయిన వెంటనే మొదటి గంట అందరినీ తరగతి గదులకు పంపి, ప్రతి గదిలో ఆ తరగతి కుటుంబాలతోనే మాట్లాడితే ప్రశ్నలు వస్తాయి. జనం మధ్య నోరు విప్పని తల్లి పదిహేను ఇరవై మంది ఉన్న గదిలో ధైర్యంగా అడుగుతుంది. బూట్లు కొలత చాలలేదని, బడి పిల్లల తల్లులకు రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చే తల్లికి వందనం డబ్బు పడలేదని, బస్సు వేళ మారిందని, తన కూతురు కంటి అద్దాలు పెట్టుకోవడానికి సిగ్గుపడుతోందని చెబుతుంది. తల్లికి వందనం గురించి మా గదిలో వచ్చిన ప్రశ్నలలో ఎక్కువ భాగం ఒకే విషయం మీద వచ్చాయి. ప్రకటించింది పదిహేను వేలు కాగా 2025లో తమ ఖాతాలో పదమూడు వేలే ఎందుకు పడ్డాయని అడిగారు. మిగిలిన రెండు వేలు బడుల నిర్వహణ, అభివృద్ధి కోసం కేటాయించినవని చెప్పగానే ఆ అనుమానం తీరింది.

కార్యక్రమాల గురించి ఒక మాట. సినిమా పాటలకు నాట్యం వద్దని నేను పిల్లలను కట్టడి చేయను. కాని మన జిల్లాలలో ఉన్న సంపదను పక్కన పెట్టి అవి మాత్రమే చేయడం నాకు మనసొప్పదు. కోలాటం, చెక్కభజన, పండరి భజన చేసే బృందాలు ఇప్పటికీ ఊరూరా ఉన్నాయి. వేసవిలో ధర్మరాజుల గుడి దగ్గర భారతం జరిగినప్పుడు రాత్రంతా వేషం కట్టి పద్యం పాడేవారిలో మన బడుల పూర్వ విద్యార్థులు ఎందరో ఉన్నారు. మా ఊరి భారతంలో అర్జునుడి వేషం కట్టి తపస్సు మాను అనే ఎత్తైన స్తంభం ఎక్కే ఆయన మా బడిలో చదివినవారే. ఆయనను పిలిచి పిల్లలకు ఒక చిన్న ఘట్టం నేర్పమని అడిగాం. పద్యంలో ఊపిరి ఎక్కడ ఆపాలో, కిరీటం బరువుకు మెడ ఎలా నిలపాలో, వెనుక కూర్చున్న ముసలివారికి కూడా మాట వినిపించేలా గొంతు ఎలా విప్పాలో ఆయన చూపించిన తీరు నా పాఠాలలో నేను ఎన్నడూ చూపించలేకపోయాను. ఆ ఘట్టం ఆడుతున్నప్పుడు ఊరి పెద్దలు తాము కూడా గొంతు కలిపి పద్యం అందుకొన్నారు.

వంట చేసే అమ్మలను మరవకండి. ఏడాది పొడుగునా పిల్లలకు అన్నం, పప్పు, గుడ్డు, రాగిజావ అందించే వారిని వార్షికోత్సవం రోజున కూడా పొయ్యి దగ్గరే ఉంచేసి, వేదిక మీద శాలువాలు ఇతరులకు కప్పడం నాకు ఎప్పుడూ బాధగానే ఉంటుంది. ఆ ఒక్క రోజు వడ్డన పని కమిటీ సభ్యులు, పూర్వ విద్యార్థులు తీసుకోవాలి, మొదటి శాలువా ఆ అమ్మలకు కప్పాలి.


సమాధానం
పూర్వ విద్యార్థి, శ్రీసిటీలో ఉద్యోగం

నేను చిత్తూరు దగ్గరి ఒక జిల్లా పరిషత్ పాఠశాలలో చదివాను. మా బడి పెద్ద పండుగకు పూర్వ విద్యార్థుల తరఫున పని చేసినవారిలో ఒకడిని కనుక ఆ భాగం వరకు చెబుతాను.

పూర్వ విద్యార్థులను పిలవగానే అందరికీ మొదట తట్టేది డబ్బు. మేడమ్, మీరు డబ్బు కంటే ముందు పాత అడ్మిషన్ రిజిస్టర్లను అడగండి. 75 ఏళ్లు అంటే మీ బడి మొదలైన నాటికి చిత్తూరు జిల్లా ఇంకా మద్రాసు రాష్ట్రంలోనే ఉంది. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. ఉన్నత పాఠశాలలు జిల్లా బోర్డు చేతి నుండి జిల్లా పరిషత్ చేతికి వచ్చింది 1959 నాటి చట్టం తరువాతే. అందుకే పాతవారు ఇప్పటికీ బోర్డు హైస్కూలు అంటారు. 2022 ఏప్రిల్ 4న తిరుపతి వేరే జిల్లా అయినా మీ బడికి జిల్లా పరిషత్ చిత్తూరులోనే ఉంది. ఇంత చరిత్ర ఆ రిజిస్టర్ల పేజీలలో ఉంటుంది. మా బడి రిజిస్టరు తెరిచినప్పుడు నాకు మొదట కనిపించినది ఆడపిల్లల పేర్లు ఎంత అరుదుగా ఉన్నాయన్నది. పేజీలకు పేజీలు తిప్పితే ఒక పేరు వచ్చేది, ఆ పేరుకు ఎదురుగా బడి మానిన తేదీ తొందరగానే పడి ఉండేది. అలాంటి పేర్లలో ఒకరు మా పక్క ఊళ్లోనే ఉన్నారని తెలిసి, ఉత్సవానికి తీసుకొనివచ్చి, ఇప్పుడు తొమ్మిదవ తరగతి చదువుతున్న వారి మునిమనవరాలి పక్కన కూర్చోబెట్టాం.

అయితే ఆ పుస్తకాలను ముట్టుకొనేటప్పుడు చాలా జాగ్రత్త అవసరం. చిరిగిన పేజీలకు సెల్లోటేపు అంటించవద్దు. కొన్నేళ్లకు అది పసుపు రంగుకు తిరిగి, జిగురు కాగితంలోకి ఇంకి, సిరాను కూడా పాడుచేస్తుంది. పుస్తకాన్ని బలవంతంగా వెనక్కి విరవకుండా, కిటికీ పక్కన పగటి వెలుగులో, ఫ్లాష్ లేకుండా ఫోనుతోనే పేజీ పేజీ ఫోటో తీయండి. రిజిస్టరు బడి దాటి బయటకు పోకూడదు, ఫోటోలు తీసే పని ప్రధానోపాధ్యాయుల అనుమతితో, ఒక ఉపాధ్యాయుని ఎదుటే జరగాలి. అందులో కులం, పుట్టిన తేదీ, పుట్టుమచ్చలు అన్నీ రాసి ఉంటాయి. ప్రదర్శనకు పేరు, ఊరు, చేరిన సంవత్సరం మాత్రమే ఎత్తి రాయించి గోడ మీద పెట్టండి. మా బడిలో పల్లెల వారీగా పెట్టాం. ప్రతి కుటుంబం తమ ఊరి చార్టు దగ్గర నిలబడి తాత పేరు, మేనమామ పేరు వెతుక్కొంది. తరువాత అందరినీ వేదిక ముందుకు పిలవడానికి మేము చాలా కష్టపడవలసి వచ్చింది.

డబ్బు విషయానికి వస్తే, ఏ ఒక్కరి సొంత ఖాతాలోనూ ఫోను ద్వారా వసూలు చేయనివ్వకండి. కమిటీ పేరిట ఉన్న బ్యాంకు ఖాతాకే రావాలి, ప్రతి పైసాకు రసీదు ఇవ్వాలి, జమా ఖర్చుల పట్టిక ఉత్సవం అయిన వారంలోగా నోటీసు బోర్డు మీద ఉండాలి. నగదు కాకుండా వస్తువులు గాని సేవ గాని ఇవ్వదలచిన వారికి కేంద్ర ప్రభుత్వం 2021 సెప్టెంబరులో ప్రారంభించిన విద్యాంజలి పోర్టల్ ఉంది. బడి తన అవసరాలు అందులో నమోదు చేస్తే, ఇచ్చేవారు అక్కడే ముందుకు రావచ్చు. మా వాళ్లు ఆర్చి గేటు కట్టిద్దామని పట్టుబట్టినప్పుడు, ఆడపిల్లల మరుగుదొడ్లకు నీళ్ల ట్యాంకు, మోటారు ముందు పెట్టించాలని కమిటీలోని తల్లులే గట్టిగా నిలబడ్డారు. వారి మాటే నెగ్గింది.


ప్రశ్న అడిగిన వారి స్పందన
పాఠశాల కమిటీ సభ్యురాలు, చంద్రగిరి ప్రాంతం

సార్‌కు, మేడమ్‌కు, అన్నగారికి చేతులెత్తి నమస్కరిస్తున్నాను. మీ సమాధానాలను కాగితం మీద దింపుకొని నిన్నటి కమిటీ సమావేశంలో చదివాను. ఆదివారం ఉదయం అన్నదానికి అందరూ ఒప్పుకొన్నారు. తరగతి గదులలో మొదటి గంట మాట్లాడుకోవడం ప్రధానోపాధ్యాయులకు ఎంతో నచ్చింది, ఉపాధ్యాయులతో మాట్లాడి ఖాయం చేస్తానన్నారు. పిల్లల దగ్గర చందా తీసుకోకూడదని తీర్మానం రాసుకొన్నాం. వంట అమ్మలకు మొదటి శాలువా అన్న మాట చదవగానే వారిలో ఒకరు, ఆమె కూడా మా కమిటీ సభ్యురాలే, కొంగుతో కళ్లు తుడుచుకొన్నారు.

రెండు విషయాలలో మాత్రం ఏకాభిప్రాయం కుదరలేదు. మొదటిది, అన్ని తరగతుల మార్కుల జాబితాలను ఆ రోజు గోడ మీద పెడితే తల్లిదండ్రులకు తమ బిడ్డ ఎక్కడ ఉందో తెలుస్తుందని కొందరు అంటున్నారు. రెండవది, కార్యక్రమమంతా ఫోనులలో తీసి సామాజిక మాధ్యమాలలో ప్రత్యక్ష ప్రసారం చేస్తే బెంగళూరు, చెన్నై, గల్ఫ్ దేశాలలో పనిచేసే తండ్రులు కూడా చూడగలరని మరికొందరు అంటున్నారు. దూరాన ఉన్న తండ్రుల మాట నా మనసును తాకింది, ఎందుకంటే మా వారు కూడా కువైట్‌లోనే ఉన్నారు. దీని మీద మీ అభిప్రాయం కావాలి.


సమాధానం
ఇద్దరు పిల్లల తల్లి, చిత్తూరు

అక్కా, మార్కుల జాబితా గోడ మీద పెట్టనివ్వకండి. మా చిన్నవాడికి చదవడంలో కొంత ఇబ్బంది ఉంది. అక్షరాలు తారుమారుగా కనిపిస్తాయి, వాడు నోటితో చెప్పినంత చక్కగా రాయలేడు. ఒక సమావేశంలో మార్కుల వరుస ప్రకారం పేర్లు చదివినప్పుడు వాడి పేరు చివరన వచ్చింది. ఆ తరువాత చాలా కాలం బడికి పోనని మొండికేశాడు, నేను కూడా ఆ పక్కకు పోవాలంటే తల దించుకొనేదాన్ని. ప్రగతి పత్రం మూసిన కవరులో ఎవరిది వారికి ఇవ్వాలి. దాన్ని టీచరు పక్కన కూర్చుని వివరించాలి. గోడ మీద పెట్టదలచుకొంటే పిల్లలు గీసిన బొమ్మలు, రాసిన కథలు, చేసిన సైన్సు నమూనాలు ప్రతి బిడ్డవీ ఒక్కటి తప్పకుండా పెట్టండి. ప్రతి తల్లికీ తన బిడ్డ చేసినది ఆ గోడ మీద ఒకటి కనిపించాలి.

ప్రత్యక్ష ప్రసారం గురించి కూడా నా మాట అదే. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం పద్దెనిమిదేళ్లలోపు పిల్లల సమాచారం విషయంలో తల్లిదండ్రుల అనుమతి కోరుతోంది. చట్టం సంగతి అలా ఉంచినా, అందరికీ కనిపించే చోట ఆడపిల్లల నాట్యం పెడితే దాన్ని ఎవరు ఎక్కడికి తీసుకొనిపోతారో మనం అదుపు చేయలేం. దూరాన ఉన్న తండ్రులు చూడవలసిందే, అందులో సందేహం లేదు. దానికి వేరే దారి ఉంది. ఒక ఉపాధ్యాయుడు గాని కమిటీ సభ్యుడు గాని మాత్రమే చిత్రీకరించాలి. ఏ తరగతి అంశాన్ని ఆ తరగతి తల్లిదండ్రుల గ్రూపులోనే పంపాలి. ఫోటో వద్దనుకొన్న కుటుంబాలు ముందుగా చెప్పుకొనే వీలు, ఆ పిల్లలు పంపే నోటు పుస్తకపు కబురులోనే ఒక వాక్యంగా ఉండాలి. తరగతి గదిలో టీచరుతో మాట్లాడే సమయంలో వీడియో కాల్ చేసి తండ్రిని కూడా ఆ మాటల్లో కలపవచ్చు. మా ఆడపడుచు భర్త ఖతార్ నుండి అలాగే మాట్లాడాడు. కూతురి గణితం గురించి టీచరు చెబుతుంటే ఆయన మధ్యలో ఆపి, ఏ అధ్యాయం, ఏ లెక్కలు అని అడిగి రాసుకొన్నాడు.


సమాధానం
విశ్రాంత ప్రధానోపాధ్యాయుడు, పలమనేరు

చిత్తూరు నుండి రాసిన అమ్మ చెప్పినది అక్షరాలా ఆచరించండి. ఉపాధ్యాయులు గదులలో మాట్లాడిన దాని ముఖ్యాంశాలను ఒక్క కాగితానికి రెండు వైపులా, పెద్ద అక్షరాలతో అచ్చు వేయించి ప్రతి ఇంటికీ ఇవ్వండి. ఒక వైపు ఆ తరగతికి వచ్చే ఏడాది వర్తించే పరీక్షలు, ఉపకార వేతనాలు, వాటికి కావలసిన పత్రాలు ఉండాలి. రెండవ వైపు సందేహం వస్తే బడిలో ఎవరిని, ఏ వేళ కలవాలో ఉండాలి. శాలువాల ఖర్చులో కొంత తగ్గించుకొంటే ఈ కాగితాల అచ్చుకు సరిపోతుంది. ఉత్సవానికి రాలేకపోయిన ఇళ్ల జాబితాను ఆ సాయంత్రమే తయారుచేయండి. ఏ పల్లె సభ్యులు ఆ పల్లెకు వెళ్లి, తరువాతి ఆదివారంలోగా ఆ కాగితం చేతికిచ్చి చదివి వినిపించి రావాలని తీర్మానంలో పేర్లతో సహా రాసుకోండి. పదవ తరగతి వారికి మార్చిలో పబ్లిక్ పరీక్షలు ఉంటాయి కనుక, ఆ పిల్లలను సాధనల నుండి, కుర్చీలు మోసే పనుల నుండి మినహాయించమని ప్రధానోపాధ్యాయులకు ఇప్పుడే చెప్పండి.